జపాన్ గుళ్ళు: లిస్టులో సగం కొట్టేయండి

ప్రశ్న: నమస్తే మేడం, మాది బెంగళూరు, మారతహళ్ళిలో ఉంటాం. ఏప్రిల్లో అమ్మానాన్నల్ని జపాన్ తీసుకెళ్దామనుకుంటున్నా. నాన్న రిటైరైన సోషల్ మాస్టారు, గుళ్ళన్నా మ్యూజియంలన్నా ప్రాణం, కానీ మోకాళ్ళ నొప్పులు. అమ్మేమో అక్కడ గుళ్ళన్నీ ఒకేలా ఉంటాయట, రెండు చూస్తే చాలదా అంటోంది. ట్రావెల్స్ వాళ్ళు ఎనిమిది రోజుల్లో టోక్యో, నిక్కో, హకొనే, క్యోటో, నారా, ఒసాకా, హిరోషిమా అన్నీ పెట్టేశారు. ఏవి ఉంచాలి, ఏవి తీసెయ్యాలి? జపాన్ రైళ్ళకి పనికొచ్చే జేఆర్ పాస్ కొనాలా?

జవాబు: నిక్కో, హకొనే, ఒసాకా మూడూ కొట్టేయండి. నిక్కో బాగోదని కాదు, అక్కడి తోషోగూ గుళ్ళో ఒకప్పటి సైనిక పాలకుడు ఇయెయసు సమాధి దాకా ఎక్కాలంటే 200 పైన రాతిమెట్లున్నాయి, నాన్నగారి మోకాళ్ళకి అది కుదిరే పని కాదు. టోక్యోలో రెండ్రోజులు, హిరోషిమాలో ఒక రాత్రి, మిగతాదంతా క్యోటోకే ఇచ్చేయండి, నారా అక్కణ్ణించి ట్రైన్‌లో గంటలోపే.

అమ్మగారి మాటకొస్తే, ఎవర్ని చూస్తున్నామో తెలీకపోతే నిజంగానే అన్నీ ఒకేలా ఉంటాయండి. క్యోటో స్టేషన్‌కి దగ్గర్లోనే తోజి అని గుడి ఉంది, అందరూ ఆ ఐదంతస్తుల గోపురానికి ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు, మీరు మాత్రం కోదో అనే హాల్లోకి వెళ్ళండి, లోపల 21 విగ్రహాలుంటాయి, వాటిల్లో ఒకాయన నాలుగు తలలతో హంసల మీద కూర్చుని ఉంటాడు, ఆయన మన బ్రహ్మ, అక్కడ బొంతెన్ అంటారు. ఇంకో చివర ఏనుగు మీద ఇంద్రుడు. 9వ శతాబ్దంలో చెక్కినవి, బౌద్ధంతో పాటు చైనా మీదుగా అక్కడికి చేరిన మన దేవుళ్ళు. ఫోటోలు తియ్యనివ్వరు, అదీ మంచిదే, కాసేపు నిలబడి చూస్తారు.

అక్కణ్ణించి ట్యాక్సీలో సాంజూసాంగెన్‌దో. దాదాపు 120 మీటర్ల పొడవు చెక్క మంటపం, కన్నోన్ అనే కరుణామయ బోధిసత్వుడి విగ్రహాలు 1001 వరసగా. వాటి ముందు వరసలో 28 మంది పరివార దేవతలుంటారు, అక్కడ నెమ్మదిగా నడవండి ప్లీజ్. పక్షి ముక్కు, రెక్కలు ఉన్నాయన పిల్లనగ్రోవి ఊదుతుంటాడు, ఆయన గరుత్మంతుడు! మన గుళ్ళో చేతులు జోడించుకుని ఉండే గరుత్మంతుడు అక్కడ పిల్లనగ్రోవి వాయిస్తున్నాడంటే అమ్మగారు ఆ హాలు వదిలి బయటికి రారు, చూడండి. లోపల నడక సాఫీగానే ఉంటుంది, చెప్పులు విప్పాలి కాబట్టి సాక్సు మర్చిపోకండి. రోడ్డు దాటితే 1897లో తెరిచిన క్యోటో నేషనల్ మ్యూజియం. మ్యూజియంలకి మామూలుగా సోమవారం సెలవు, టోక్యో ఉయెనోలోదీ అంతే, కాబట్టి సోమవారం గుళ్ళకి పెట్టుకోండి.

నారాలో తోదాయిజి గుళ్ళో పెద్ద బుద్ధుడు దాదాపు 15 మీటర్లు. 752లో కుంచెతో కనుపాపలు దిద్ది ఆ విగ్రహానికి కళ్ళు తెరిపించింది మన దేశం నుంచి వెళ్ళిన బోధిసేనుడనే భిక్షువు, కుంచెకి పొడుగాటి దారాలు కట్టి అక్కడ చేరినవాళ్ళంతా ఆ దారాలు పట్టుకున్నారు, పుణ్యం అందరికీ అందాలని. ఆ కుంచె ఇప్పటికీ షోసోయిన్ భాండాగారంలో భద్రంగా ఉంది. మాస్టారికి ఈ సంగతి ముందే చెప్పి తీసుకెళ్ళండి.

క్యోటోలోనే ఉన్న ఫుషిమి ఇనారి గుడి ఎర్ర తోరణాలు కొండ పైదాకా పోతాయి, మొత్తం తిరగాలంటే రెండు మూడు గంటలు, మెట్లు. మీరు మొదట్లో వచ్చే సెన్‌బోన్ తోరణాల దాకా చాలు. పొద్దున్నే వెళ్ళండి, టికెట్ లేదు, గేటు మూసేదీ లేదు. తిరిగొచ్చేటప్పుడు స్తంభాల వెనక చూడండి, మన గుళ్ళో ట్యూబ్‌లైట్ మీద దాత పేరు రాసినట్టు ప్రతి దాని మీదా ఇచ్చినవాళ్ళ పేరు, తేదీ ఉంటాయి.

హిరోషిమా ఎందుకు ఉంచమన్నానంటే, పాఠం చెప్పిన మాస్టారు అది చూడాలి. అక్కడి శాంతి స్మారక మ్యూజియంలో అణుబాంబు పడ్డ 8:15కి ఆగిపోయిన గడియారం, కాలిపోయిన చిన్నపిల్లాడి మూడు చక్రాల సైకిలు ఉంటాయి. ఆ సాయంత్రానికి ఇంకేం ప్రోగ్రాం పెట్టకండి.

జేఆర్ పాస్ వద్దు. ఏడు రోజుల పాస్ 2023 అక్టోబర్లో 29,650 యెన్ల నుంచి 50,000కి పెంచారు, టోక్యో నుంచి క్యోటోకి టికెట్ 14,000 చిల్లర, హిరోషిమా కలుపుకున్నా పాస్ కొన్నందుకు మిగిలేదేం ఉండదు. ఏప్రిల్ 29 నుంచి వాళ్ళకి గోల్డెన్ వీక్ సెలవులు, ఆలోపే తిరిగొచ్చేయండి.

ప్రశ్న: మేం ప్యూర్ వెజ్, జయనగర్. కుక్కర్ పట్టుకెళ్ళొచ్చా?

జవాబు: అక్కడ కరెంటు 100 వోల్టులండి, మన 230 వోల్టుల కుక్కర్, కెటిల్ సరిగ్గా వేడెక్కవు. కంది పొడి, కరివేపాకు పొడి పట్టుకెళ్ళండి, తెల్లన్నం పాకెట్లు స్టోర్లలో దొరుకుతాయి. మిసో సూపు, ఉదోన్ నూడుల్స్ చూడ్డానికి వెజ్‌లా ఉన్నా చాలావరకు ఎండు చేపతో కాచిన దాషి అనే రసం పడుతుంది, వెజ్ అని చెప్తే సరిపోదు, దాషి కూడా వద్దని చెప్పాలి. క్యోటోలో ఒక్క పూటైనా గుడి భోజనం, షోజిన్ ర్యోరి, తినండి, అరషియామాలో తెన్‌ర్యూజి గుడి ఆవరణలోనే షిగెత్సు అని ఉంది. చేప, మాంసం అసలు ఉండవు.

ప్రశ్న: అక్కడ దణ్ణం ఎలా పెట్టుకోవాలి?

జవాబు: జపాన్ వాళ్ళ సొంత మతమైన షింటో గుడైతే తొట్టి దగ్గర ముందు ఎడమ చెయ్యి, తర్వాత కుడి చెయ్యి కడుక్కుని నోరు పుక్కిలించాలి, గరిటెకి నోరు తగలకూడదు. లోపల రెండు సార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, దణ్ణం పెట్టుకుని మళ్ళీ ఒకసారి వంగాలి. బౌద్ధ గుళ్ళో చప్పట్లు కొట్టకండి, ఊరికే చేతులు జోడిస్తే చాలు. గోషుయిన్ అని 300 నుంచి 500 యెన్లకి గుడి ముద్ర వేసి ఆ గుడి పేరూ తేదీ చేత్తో రాసిస్తారు, దానికి వేరే పుస్తకం ఉంటుంది, మొదటి గుళ్ళోనే కొనుక్కోండి, మామూలు నోట్‌బుక్ ఇవ్వకండి. దర్శనం అయ్యాకే అడగాలి, చిల్లర దగ్గర పెట్టుకోండి.