మాంత్రికుడి బాల్యం, కాపలావాడి చెప్పులు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల రాతప్రతి పూర్తిగా చదివాను. మాంత్రికుడు బాగా కుదిరాడు, మంచి మాటకారి కూడా. అయితే పదమూడో అధ్యాయంలో వాడి చిన్నప్పటి కష్టాలన్నీ ఏకరువు పెట్టి, "ఇప్పుడు చెప్పండి, వీడు చెడ్డవాడా?" అన్నట్టు పాఠకుడి మొహంలోకి చూశావు. అక్కడ కథ తేలిపోయింది. తల్లి లేకుండా పెరిగిన పిల్లలందరూ ఊళ్లు తగలబెట్టరు కదా!

భారతంలో కర్ణుణ్ణి చూడు. పుట్టగానే ఏటిపాలయ్యాడు. పుట్టుక పేరెత్తి నిండు రంగస్థలంలో అవమానించారు. అడిగితే ఒంటినుంచి కవచకుండలాలు కోసి ఇచ్చాడు. అంతటివాడే సభలో ద్రౌపది వలువలు ఒలవమని దుశ్శాసనుడికి పురమాయించాడు. ఆ మాట ఇంకెవరి నోటనైనా పెట్టి కర్ణుణ్ణి కాపాడుకోవచ్చు, వ్యాసుడు కాపాడలేదు. తరవాత ఉద్యోగపర్వంలో, దుర్యోధనుడి మెప్పు కోసం పాండవుల్ని అన్న మాటలకు ఇప్పుడు కుమిలిపోతున్నానని కృష్ణుడితో అంటాడు. అన్నాక కూడా పక్షం మారడు. నీ మాంత్రికుడికి గాయాలున్నాయి గానీ, తెలిసి తెలిసి తీసుకున్న నిర్ణయం ఒక్కటీ లేదు. గాయాలు సగానికి తగ్గించు, నిర్ణయం ఒకటి పెట్టు.

ఈ మధ్య ఎవర్ని కదిపినా, మంచీ చెడూ కలిసిన గ్రే క్యారెక్టర్లంటున్నారు. అందరికీ ఒకే బూడిద పూస్తే ఎవరి మొహమూ ఆనదు. పూర్తిగా దుర్మార్గుడు ఉండకూడదనే రూలు కూడా ఏమీ లేదు.

నీ అసలు లోపం వీరుడి దగ్గరుంది. ఫాంటసీలో మనకున్న వెసులుబాటు ఏమిటంటే, మనిషి లోపల జరిగింది బయట కంటికి కనపడేలా చెయ్యొచ్చు. అశ్వత్థామ చచ్చాడని గట్టిగా అని, ఏనుగు సంగతి గొణిగాడు ధర్మరాజు. అప్పటిదాకా నేలకు నాలుగు వేళ్ల ఎత్తున నడిచిన రథం కిందికి దిగింది. ఒక్క ముక్క ఉపన్యాసం లేదు. యుద్ధం గెలిచాడు, రథం మాత్రం దిగింది. 1955లో వచ్చిన టోల్కీన్ ఉంగరం కథ చివరి సంపుటంలోనూ అంతే: పాడు ఉంగరాన్ని నిప్పుల్లో పడేసి నాశనం చెయ్యాలని, అన్ని కష్టాలుపడి అగ్నిపర్వతం దాకా మోసుకెళ్లిన కథానాయకుడు ఫ్రోడో, తీరా అంచున నిలబడి, ఉంగరం నాదే అంటాడు. పని పూర్తయింది అతని మంచితనం వల్ల కాదు, ఆ ఉంగరం కోసమే వెంటపడిన గొల్లమ్ అనేవాడు అది తొడిగిన వేలు కొరికి, ఉంగరంతో సహా కింద పడ్డాడు కాబట్టి.

ఇప్పుడు నీ ఎనిమిదో అధ్యాయం తియ్యి. కోట వెనక ద్వారం దగ్గర కాపలా కుర్రాడు నిద్రకళ్లతో "ఎవరది?" అన్నాడు. నీ వీరుడు గొంతు కోసి, కత్తి తుడుచుకుని, వాడి చెప్పులు తన కాళ్లకు సరిపోతే వేసుకుని మెట్లెక్కాడు. మూడు వాక్యాల్లో అయిపోయింది. ఆ చెప్పులు నాకు ఎంత నచ్చాయో! మరి ఆ తరవాత నవలంతా వెతికాను, ఇంకెక్కడా లేవు. మాంత్రికుడు తగలబెట్టిన ఊరికి ఇరవై పేజీలిచ్చావు, ఈ కాపలా కుర్రాడికి పేరైనా పెట్టలేదు.

ఆ చెప్పులు కుట్టినవాళ్లో, కొనిపెట్టినవాళ్లో ఎవరో ఒకరు బతికే ఉంటారు. వీరుడు గెలిచి ఊరేగుతున్నప్పుడు వాళ్లని గుంపులో నిలబెట్టు, వాళ్ల చూపు అతని కాళ్ల మీద పడనివ్వు. అబద్ధమాడతాడో, నిజం చెప్తాడో, సైనికుల్ని పిలుస్తాడో ముందే ఖాయం చేసుకోకు. ఆ ఒక్క అధ్యాయం రాసి పంపు. మిగతా నవల గురించి అది చదివాక మాట్లాడుకుందాం.