డెవలపర్‌లోనే లేచిపోతున్న గీతలు

ప్రశ్న: ఎం.టెక్. చేస్తున్నానండి. ఫోటోలితోగ్రఫీలో, అంటే మాస్క్ గుండా వెలుగు వేసి నమూనా దించే పద్ధతిలో, ఆక్సైడ్ ఉన్న సిలికాన్ వేఫర్ (చిప్‌లు చేసే పలుచని బిళ్ళ) మీద 2 మైక్రాన్ల గీతలు తీస్తుంటే, డెవలపర్‌లో (పూతలో అక్కర్లేని భాగాన్ని కరిగించే ద్రవం) ముంచగానే రెసిస్ట్ (వెలుగుకి మారే పూత) అక్కడక్కడా లేచిపోతోంది. అదే మాస్క్‌తో అల్యూమినియం మీద తీస్తే గీతలు నిలుస్తున్నాయి గానీ, ఎస్ఈఎమ్‌లో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) చూస్తే అంచులు మెట్లుమెట్లుగా ఉన్నాయి. ఎక్స్‌పోజర్ (వెలుగు మోతాదు) ఎంత మార్చినా లాభం లేదు. సబ్మిషన్ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని

జవాబు: ఎక్స్‌పోజర్‌ని ఇక వదిలేయమ్మా. రెండు చోట్లా తేడా రెసిస్ట్ అడుగునే ఉంది, కాకపోతే కారణాలు వేరు.

ఆక్సైడ్ సంగతి ముందు. దాని పైపొరలో ఉండే ఓహెచ్ (ఆక్సిజన్-హైడ్రోజన్) గుంపులు గాలిలోని తేమను పట్టుకుంటాయి, డెవలపర్ కూడా నీళ్ళతో చేసిందే కాబట్టి ఆ తేమ దారి వెంట రెసిస్ట్ కిందికి దూరి గీతను లేపేస్తుంది, సన్న గీత అయితే మరీ తొందరగా. అందుకని వేఫర్‌ని హాట్‌ప్లేట్ మీద 150–200 డిగ్రీల్లో కొన్ని నిమిషాలు బేక్ చేసి, తేమ మళ్ళీ పట్టకముందే హెచ్ఎమ్‌డీఎస్ (హెక్సామిథైల్‌డైసిలజేన్ అనే రసాయనం) ఆవిరి పట్టించాలి. చాలామంది దీన్ని జిగురు అనుకుంటారు, కానేకాదు. అది ఆ ఓహెచ్‌ల చోట మిథైల్ గుంపుల్ని నిలబెట్టి ఉపరితలానికి నీళ్ళు అంటకుండా చేస్తుంది, అంతే. పని జరిగిందో లేదో వేఫర్ ఓ మూల నీటిచుక్క వేస్తే తెలిసిపోతుంది: పరుచుకుపోతే జరగనట్టే. తామరాకు మీదలా గుండ్రంగా రానక్కర్లేదు, చుక్క అంచు ఉపరితలంతో 65–70 డిగ్రీల కోణంలో నిలబడితే చాలు.

ఒక్క మాట గట్టిగా చెప్తాను, హెచ్ఎమ్‌డీఎస్‌ని ద్రవంగా పోసి స్పిన్ చేయొద్దు (వేఫర్‌ని గిర్రున తిప్పి పరచొద్దు). ఎక్కువై మిగిలిపోయిన హెచ్ఎమ్‌డీఎస్ సాఫ్ట్‌బేక్‌లో (రెసిస్ట్ పూశాక ఆరబెట్టే వేడి) అమోనియా వదులుతుంది, దాంతో అడుగున ఉన్న రెసిస్ట్ గట్టిపడి సరిగ్గా డెవలప్ కాదు. మనకు కావలసింది ఒక్క అణువు మందం పొర.

ఇక అల్యూమినియం అద్దంలాంటిది. కిందికి వెళ్ళే వెలుగు, తిరిగొచ్చే వెలుగు కలిసి రెసిస్ట్‌లో నిలకడ తరంగాలు కడతాయి, ఆ మెట్లు అవే. మీది 365 నానోమీటర్ల వెలుగైతే, రెసిస్ట్ వక్రీభవన గుణకం 1.7 అనుకుంటే, మెట్టుకీ మెట్టుకీ దూరం సుమారు 107 నానోమీటర్లు రావాలి, ఎస్ఈఎమ్ బొమ్మలో కొలిచి చూడండి. అసలు మందు రెసిస్ట్ కింద వెలుగును మింగేసే యాంటీ రిఫ్లెక్టివ్ పొర వేయడం, కానీ సాధారణంగా దాన్ని తర్వాత ప్లాస్మాతో తీయాల్సి ఉంటుంది. 2 మైక్రాన్ల గీతలకి అంత అవసరం ఉండదు. ఎక్స్‌పోజర్ అయ్యాక, డెవలప్ చేసేముందు 110 డిగ్రీల దగ్గర ఒక నిమిషం బేక్ చేసి చూడండి, చాలా రెసిస్టుల్లో ఆ మెట్లు నునుపైపోతాయి.