ప్లాస్టిక్ టేబుల్‌కి 12 వేలా అని అడిగిన చెల్లెమ్మకి

చెల్లెమ్మా, నీ మెసేజ్ చూశాను. ఇక్కడ ఫ్రాన్స్‌లో, లియోన్‌లో ఖాళీ ఫ్లాట్ తీసుకున్నారు, పరుపు తప్ప ఇంకేం లేదు, పాత సామాను అమ్ముకునే లె బొన్ క్వాన్ సైట్‌లో డెబ్బైల నాటి పొగరంగు ప్లెక్సిగ్లాస్ (అదే, గాజులా కనపడే యాక్రిలిక్ ప్లాస్టిక్) టీపాయ్ ఒకటి నీ మనసు లాగేసింది, 120 యూరోలంట, మీ ఆయనేమో ప్లాస్టిక్‌కి 12 వేలు పెట్టడానికి పిచ్చెక్కిందా అంటున్నాడు. అంతే కదా. మీ ఆయన్ని ఏమనకు, నేనూ వచ్చిన కొత్తలో కాఫీ తాగినా రూపాయల్లోకి మార్చుకుని అప్పుడు మింగేవాణ్ణి. ఆ లెక్కల పిచ్చి వల్లే నాకు బోలెడు డబ్బు పోయింది, అది కూడా విను.

నేను మొదట దిగింది ఒయొనా దగ్గర, కరిగిన ప్లాస్టిక్‌ని ఎక్కించే ఇంజెక్షన్ మోల్డుల (అచ్చుల) డిజైన్ పనికి. మీకు తెలీదేమో, లియోన్‌కి ఈశాన్యంగా కొండల్లో ఉంటుంది, ఒకప్పుడు దువ్వెనల ఊరు, కొయ్య, కొమ్ము, తర్వాత సెల్యులాయిడ్, ఆ తర్వాత మొత్తం ప్లాస్టిక్, ఇప్పుడా లోయ పేరే ప్లాస్టిక్స్ వాలీ, దువ్వెనలకీ ప్లాస్టిక్‌కీ కలిపి మ్యూజియం కూడా ఉంది. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను చూసేది ప్లాస్టిక్కే. అలాంటోణ్ణి ఎమ్మాయుస్ అనే సేవాసంస్థ వాళ్ళ పాత సామాను కొట్లో డమరుకం ఆకారంలో ఉన్న నారింజ స్టూలు చూసి, చిల్లర డబ్బులకొస్తోంది కదా అని తెచ్చి, స్నానాల గదిలో బకెట్ పక్కన పీటలా వేసుకున్నాను. ఇల్లు మారేటప్పుడు, రూపాయల్లో లెక్కేసినా చిల్లర ఖరీదుదే కదా, దాన్ని మోసుకెళ్ళడం ఎందుకని డెచెట్రీలో, అంటే ఊరివాళ్ళు పాత సామాను పారేసే చోట, పడేశాను. దాని పేరు టామ్ టామ్. ఆన్రీ మసొనే అనే ఆయన 1968లో చేపలు పట్టుకునేవాళ్ళ కోసం చేశాడు, పైన మూత, కింద ఒకే రకం ముక్కలు రెండు, ఊడదీసి సర్దుకోవచ్చు. సినిమా నటి బ్రిజిట్ బార్డో దాని మీద కూర్చున్న ఫోటో వచ్చాక జనం ఎగబడ్డారని చెప్తారు. తయారైందెక్కడ? నేను ఉద్యోగం చేసిన ఊరి పక్కనే, నూరియోలో! పాత స్టూళ్ళ రేట్లు నెట్‌లో కనపడితే ఈరోజుకీ మా ఆవిడ నాకు ఫోన్ చూపిస్తుంది, ఏమీ అనదు, చూపిస్తుందంతే.

అదే మసొనే 1972లో ఫొతోయ్ 300 అని మొత్తం ఒకే ముక్కగా, ఒక్కోటి రెండు నిమిషాల్లోపే అచ్చులోంచి వచ్చేసే కుర్చీ తీశాడు. మన ఊళ్ళో పెళ్ళికి టెంట్ హౌస్ వాడు లారీలో దొంతరలుగా తెచ్చి దింపే తెల్ల కుర్చీలున్నాయే, వాటికి తాత లాంటిది ఇది. కాబట్టి మీ ఆయనకి చెప్పు, తాత కుర్చీకి వేరే రేటు, మనవడికి వేరే రేటు అని.

అసలు ఇవి ఎందుకు దొరకవంటే, ఆ ప్లాస్టిక్ మోజు నడిచిందే కొద్ది ఏళ్ళు. ప్రిజునిక్ అని చవక సరుకుల షాపులవాళ్ళు 1968 నుంచి కేటలాగ్ వేసి, పేరున్న డిజైనర్ల చేత మామూలు ఉద్యోగస్తులకి అందేలా ఫర్నిచర్ చేయించారు, మార్క్ హెల్డ్ చేసిన అచ్చు పోసిన తెల్ల మంచం అందులోదే. కాజార్ ఖాన్ అనే వియత్నాం ఇంజనీరు గాలి నింపే పీవీసీ సోఫాలు చేశాడు (అవి పాతవి మాత్రం కొనకు, వయసైన మెత్త పీవీసీ జిగటగా తయారవుతుంది, డబ్బు గాలికే). తర్వాత 1973లో చమురు ధర పెరిగింది, ప్లాస్టిక్ ఖరీదైపోయింది, జనం మళ్ళీ కొయ్య వైపు వెళ్ళిపోయారు. అందుకే నారింజ రంగు, గుండ్రటి మూలలు ఉన్న సామాను చూడగానే ఏ కాలందో చెప్పేయొచ్చు.

ఇప్పుడు నీ టేబుల్ సంగతి. నేనూ అలాంటిదే కొన్నాను, జీతం కొంచెం పెరిగాక, గొప్పకి. మొదటి ఆదివారమే మనవాళ్ళని భోజనానికి పిలిచి, వాళ్ళొచ్చేముందు అద్దాలు తుడిచే స్ప్రే కొట్టి తళతళలాడేలా తుడిచాను. మూలల్లో సన్నటి పగుళ్ళు వెంట్రుకల్లా పాకాయి. స్పిరిట్, అసిటోన్, అమ్మోనియా ఉన్న స్ప్రే, ఇవేవీ యాక్రిలిక్‌కి పడవు, గోరువెచ్చటి నీళ్ళు, కొంచెం సబ్బు, మెత్తటి గుడ్డ చాలు. అది చాలదన్నట్టు పొయ్యి మీంచి దించిన పులావు గిన్నె తిన్నగా దాని మీద పెట్టారు, 100 డిగ్రీలు దాటితే అది మెత్తబడుతుందని రోజూ ఆఫీసులో చదివేవాణ్ణి నేనే! గుండ్రటి మచ్చ పడిపోయింది. చిన్న గీతలైతే పాలిష్ పేస్టుతో పోతాయి, పగుళ్ళూ కాలిన మచ్చలూ పోవు, అమ్మబోతే సగం ధర కూడా రాదు.

తెల్లటి ఏబీఎస్ (గట్టి రకం ప్లాస్టిక్) సామాను తీసుకుంటే ఇంకో తంటా, పసుపు. పప్పు ఒక చుక్క పడిందంటే కడిగితే పోదు. ఎండలో పెడితే పసుపు మరక వెలుస్తుంది కానీ అదే ఎండకి ఏబీఎస్ తానే పచ్చబడుతుంది, ఇటు తిప్పినా నష్టమే. వంటింటికి దూరంగా పెట్టుకో.

మీ తరం ఫోటో చూసి డబ్బు పంపేస్తారు, అలా చెయ్యకు. వెళ్ళి చూడు. చెయ్యి పెట్టు, గాజైతే చల్లగా తగులుతుంది, యాక్రిలిక్ అంత చల్లగా ఉండదు, తడితే మొద్దు శబ్దం. అడుగున కంపెనీ పేరు అచ్చు ఉందేమో తిరగేసి చూడు. డిజైనర్ స్టార్క్ చేసిన పారదర్శక లూయీ గోస్ట్ కుర్చీని కూడా పాత ఫ్రెంచ్ కుర్చీ అంటూ అంటగడతారు. చేసినాయన ఫ్రెంచివాడే కానీ కంపెనీ ఇటలీది, వచ్చింది 2002లో, పైగా అది యాక్రిలిక్ కాదు, పాలీకార్బొనేట్ అనే వేరే ప్లాస్టిక్. నాకొకాయన అలాగే అంటగట్టాడు.

వీద్ గ్రెనియేలకి, అంటే జనం ఇంట్లో పాత సామాను వీధిలో పెట్టి అమ్ముకునే సంతలకి, తెల్లారకుండా వెళ్తే మంచి సరుకు, మధ్యాహ్నం సర్దుకునేటప్పుడు వెళ్తే మంచి ధర, నేను రెండోదే. పారిస్ వెళ్తే సెంతువాన్‌లో పోల్ బెర్ట్ సెర్పెత్ అనే పాత సామాను బజారు చూడు, కళ్ళతోనే చూడు, పర్సు తియ్యకు. ఖాళీ ఇంటికి డిపాజిట్ ఒక నెల, ఫర్నిష్డ్‌కి రెండు నెలల దాకా, ఆ రూల్సన్నీ ప్రభుత్వం సైట్‌లో ఉంటాయి, చూసుకో. మీరు ఖాళీది తీసుకున్నారు కాబట్టి మిగిలిన ఆ ఒక నెల డబ్బే ఫర్నిచర్‌కి, దాన్ని దాటొద్దు.

నీ టేబుల్‌కి మూలల ఫోటోలు దగ్గరగా తీసి పంపమను. వెంట్రుక పగుళ్ళుంటే వదిలేయ్. లేకపోతే 80 యూరోలకి అడుగు, 95 దాకా వెళ్ళు, నోట్లు చేతిలో పట్టుకుని అడుగు. కారు లేదుగా, మెట్రోలో తెచ్చేట్టయితే పాత దుప్పటి తీసుకెళ్ళు, అట్ట రాసుకున్నా గీతలు పడతాయి.