అటకను గది చేయడానికి 4 లక్షల అప్పు చేయొచ్చా?

ప్రశ్న: మాది నకిరేకల్ దగ్గర ఊరు. మామగారు కట్టించిన పెంకుటిల్లు. మధ్య గది మీద పెద్ద అటక ఉంది. దాన్ని గదిగా మార్చి అద్దెకిస్తే నెలకు 2,500 వస్తుందని, ఖర్చు 4 లక్షలు అవుతుందని మేస్త్రీ చెప్పాడు. మావారి జీతం 38,000, ఇంటి ఖర్చు 25,000. ఎఫ్‌డీ 2 లక్షలు ఉంది. పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

జవాబు: వద్దమ్మా. 4 లక్షలు 12 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ దాదాపు 8,900. మొత్తం కట్టేది 5.34 లక్షలు. ఒక్క నెల కూడా ఖాళీ లేకుండా అద్దె వచ్చినా ఐదేళ్లకు చేతికందేది 1.5 లక్షలే. మిగతాది రాబట్టడానికి ఇంకో పన్నెండు, పదమూడేళ్లు పడుతుంది. ఈలోగా అద్దె కలిసొచ్చినా, మీకు నెలకు మిగిలే 13,000లో దాదాపు సగం లోన్‌కే పోతుంది. లోన్‌తో పన్ను తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మీవారి జీతానికి కొత్త విధానంలో అసలు పన్నే పడదు.

అద్దె ఆగకుండా వస్తుందా అన్నది నా అసలు అనుమానం. రోహిణి కార్తెలో పెంకుల కింద మధ్యాహ్నం ఎవరుంటారు? పైకెక్కే దారి కూడా మీ మధ్య గదిలోంచే అయితే ఇంట్లో ఆడపిల్లలకు ఎంత ఇబ్బందో ఆలోచించండి. బయటి నుంచి మెట్లు ఆ 4 లక్షల్లో ఉన్నాయో లేదో మేస్త్రీని అడగండి. పాత ఇళ్లలో అటక దూలాలు సామాను కోసం వేసినవి. మనుషులు తిరిగే బరువును అవి ఆపుతాయో లేదో ఇంజనీరే చూసి చెప్పాలి.

నిజానికి ఆ అటక ఇప్పటికే మీకు పనికొస్తోంది. పెంకుల వేడి నేరుగా దిగకుండా అడ్డుపడి కింది గదిని చల్లగా ఉంచుతోంది. దాన్ని కాపాడుకోవడానికి మాత్రం ఖర్చు పెట్టండి. ఎఫ్‌డీలో 1.5 లక్షలు, అంటే ఆరు నెలల ఇంటి ఖర్చు, ముట్టుకోవద్దు. మిగతా 50,000 లోపల పగిలిన పెంకులు, చెదలు తిన్న వాసాలు మార్పించి, చెదల మందు కొట్టించండి. మృగశిర రాకముందే ఈ పని కావాలి. ఒక్క వానాకాలం నీళ్లు కారితే దూలాలే పాడవుతాయి, అప్పుడు ఖర్చు లక్షల్లోకి పోతుంది. డబ్బు మిగిలితే పెంకులకు తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయించండి. మన రాష్ట్రం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇళ్లలో ఈ వేడి తగ్గించడానికే.

పని మొదలుపెట్టే ముందు ఎలాగూ అటక ఖాళీ చేయాలి. వాడని ఇత్తడి బిందెలు, కాగులు ఉంటే అమ్మితే కొంత ఖర్చు కలిసొస్తుంది. కానీ మీ అత్తగారిని అడగకుండా ఒక్కటీ అమ్మకండి.

అద్దె ఆదాయం కావాల్సిందే అంటే, నెలకు 6,000 చొప్పున మూడేళ్లు ఆర్‌డీ కట్టండి. వడ్డీ కాకుండానే 2.16 లక్షలు అవుతుంది. పెరట్లో జాగా ఉంటే, విడిగా తలుపున్న చిన్న రేకుల గది గురించి అప్పుడు ఆలోచిద్దాం.