పాత కారు రిపేరుకు 31,500 పెట్టాలా, కొత్త కారు కొనాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. 2013లో కొన్న పెట్రోల్ వ్యాగన్ఆర్ ఉంది. 1.42 లక్షల కిలోమీటర్లు తిరిగింది, లీటరుకు 15 ఇస్తుంది. ప్రతి ఆదివారం ఇల్లందు దగ్గర మా అమ్మానాన్నల ఊరికి దీంట్లోనే వెళ్తాం. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ముందు నుంచి కటకటమని చప్పుడు వస్తోంది. ముందు చక్రాలను పట్టుకుని ఉండే లోయర్ ఆర్మ్‌ల బాల్ జాయింట్లు (కీళ్లు) వదులయ్యాయని, సస్పెన్షన్ మొత్తం చేయాలని మెకానిక్ అన్నాడు. ముందు వైపు 23,000, వెనక షాక్ అబ్జార్బర్లకు 8,500 అడుగుతున్నాడు. ఎక్స్ఛేంజ్‌లో 1.6 లక్షలు వస్తాయట. "లక్షన్నర బండికి ముప్పై వేలు పోస్తావా? 7 లక్షల్లో కొత్తది తీసుకో" అంటున్నాడు మా బావమరిది. రిపేరు చేయిస్తే క్రెడిట్ కార్డు గీకుదామనుకుంటున్నా. ఎఫ్‌డీలో 1.2 లక్షలు ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: రిపేరే చేయించండి. కార్డు మాత్రం గీకకండి.

మీ బావమరిది గారు రిపేరు ఖర్చును బండి అమ్మకం ధరతో పోలుస్తున్నారు. మీరు బండిని అమ్మడం లేదు, నడుపుతున్నారు. కాబట్టి ఇది లేకపోతే నెలనెలా ఎంత కట్టాల్సి వస్తుందో దానితో పోల్చాలి. 7 లక్షల్లో ఎక్స్ఛేంజ్ పోను 5.4 లక్షల లోన్ కావాలి. 9.5 శాతం వడ్డీకి ఐదేళ్లయితే ఈఎంఐ దాదాపు 11,340. వడ్డీ ఒక్కటే 1.4 లక్షలు దాటుతుంది. మీకు టెన్షన్ పెడుతున్న 31,500 మూడు ఈఎంఐల కంటే తక్కువ.

ఇంకోలా చూడండి. ఈ పని తర్వాత బండి 50,000 కిలోమీటర్లు తిరిగిందనుకుంటే కిలోమీటరుకు 63 పైసలు పడుతుంది. మీ బండికి పెట్రోలే కిలోమీటరుకు 7 రూపాయల దాకా అవుతోంది. పైగా ఇది ఊడిపడిన ఖర్చేమీ కాదు. గుంతలో పడ్డ ప్రతిసారీ, కుదుపును తట్టుకునే బుష్‌ల రబ్బరు కొంచెం కొంచెంగా చిట్లుతూ వచ్చింది, షాక్ అబ్జార్బర్‌లో ఆయిల్ చెమర్చుతూ వచ్చింది. ఆ బిల్లు ఇప్పుడు చేతికి అందింది, అంతే.

వాయిదా వేస్తే ఏమవుతుందో నాకు అనుభవమే. మా పాత కారులో ఇలాంటి చప్పుడే వస్తే, బండి నడుస్తోంది కదా అని ఎనిమిది నెలలు వదిలేశాను. బయటికి టైర్లు బాగానే కనిపించేవి. ఒకరోజు స్టీరింగ్ పూర్తిగా తిప్పి, చక్రం లోపలి అంచు మీద చెయ్యి పెడితే వేళ్లకు రంపం పళ్లలా తగిలింది. సస్పెన్షన్ వదులై చక్రం వాలడంతో టైరు లోపలి వైపే అరిగింది, ఒకచోట తీగలు బయటపడ్డాయి. ఆ టైర్ల మీద పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీద తిరిగానని గుర్తొస్తే ఇప్పటికీ భయమేస్తుంది. రెండు టైర్లు, ఆపైన సస్పెన్షన్ పని, రెండు బిల్లులూ ఒకేసారి కట్టాను.

డబ్బు సర్దుబాటు కోసం పనిని రెండుగా విడగొట్టండి. ముందు వైపుది ఆగేది కాదు. లింక్ రాడ్డు (బండి పక్కకి ఊగకుండా ఆపే కడ్డీని కలిపేది) వదులైతే చప్పుడుతో పోతుంది, బాల్ జాయింట్ ఊడితే మాత్రం చక్రం పక్కకి వాలి బండి అదుపు తప్పుతుంది. ముందు షాక్ అబ్జార్బర్లు, లోయర్ ఆర్మ్‌లు, లింక్ రాడ్లు ఒకేసారి, రెండు పక్కలా మార్పించండి. విడివిడిగా చేయిస్తే విప్పిన కూలీ మళ్లీ, అలైన్‌మెంట్ (చక్రాలను సరైన కోణంలో సర్దడం) ఖర్చు మళ్లీ. వెనకవాటితో అలైన్‌మెంట్ మారదు కాబట్టి, ఆయిల్ మరీ కారకపోతే రెండు నెలలు ఆగొచ్చు.

ఒప్పుకునే ముందు బండిని లిఫ్ట్ మీదికి ఎత్తించి, లీవర్ పెట్టి ఏది ఎంత ఆడుతోందో చూపించమనండి. తీసిన పాత సామాను డిక్కీలో వేయించుకోండి. అప్పుడే చాసిస్ తుప్పు కూడా చూడండి. షాక్ అబ్జార్బర్ పైభాగం బిగించే చోట రేకు తిని ఉన్నా, సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తున్నా నా సలహా మారుతుంది. అలాంటి బండికి ఈ డబ్బు పెట్టకండి.

23,000 ఎఫ్‌డీ నుంచి తీయండి. గడువుకు ముందే తీస్తే వడ్డీ కాస్త తగ్గుతుంది, అంతే. కార్డు బాకీ మొత్తం కట్టలేకపోతే నెలకు 3 శాతం పైనే వడ్డీ పడుతుంది. ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. అరుగుదలకు మోటార్ పాలసీ డబ్బు ఇవ్వదు.

ఈ నెల నుంచే 1,500తో ఆర్‌డీ మొదలుపెట్టి దానికి "కారు" అని పేరు పెట్టుకోండి. ఏడాదికి 18,000. ఎఫ్‌డీలో తీసింది పూడ్చాక, టైర్లు, బ్యాటరీ, క్లచ్ ఏది వచ్చినా ఇందులోంచే. 2028లో మీ ఆర్‌సీకి 15 ఏళ్లు నిండుతాయి. రెన్యువల్‌కు బండిని తనిఖీకి చూపించాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. కొత్త కారు సంగతి అప్పుడు ఆలోచిద్దాం. డౌన్ పేమెంట్ పెద్దదిగా పెట్టగలిగేలా ఈలోపు కొంత కూడబెట్టుకోండి.

ముందు వైపు పని పూర్తయ్యేదాకా ఆదివారాలు ఇల్లందుకి ఆర్టీసీ బస్సులో వెళ్లండి. కారు తీయకండి.