అవ్వ దీపానికి మిద్దె దంతెలు

అల్లుడా,

కర్రను గిర్రున తిప్పి ఉలితో చెక్కే లేత్ మిషన్ కొన్నావని, మొదటి పనిగా అవ్వకు టేబుల్ ల్యాంప్ చేస్తావని తెలిసి చాలా సంతోషమైంది. రాత్రిపూట భాగవతం చదువుకోవడానికి ఆమెకు ట్యూబులైటు వెలుగు చాలడం లేదని నాకూ తెలుసు. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావు, అందుకే రాస్తున్నా. దీన్ని పక్కన పెట్టుకొని పని చేయి.

గాలివానకు పడిన పెరటి వేపచెట్టు దుంగతో చేయాలని నీ ఆశ. అవ్వ ఏళ్ల తరబడి చెనక్కాయలు ఒలిచింది ఆ చెట్టు నీడలోనే, ఆమెకూ ఇష్టంగా ఉంటుంది. కానీ అది పడి ఆరు నెలలే. అంగుళం మందానికి ఏడాది ఆరాలనేది పాత లెక్క. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానే కదా, గాలి పొడిగా ఉంటుంది, తొందరగా ఆరుతుందిలే అనుకోవద్దు. ఆ పొడిగాలే చేటు. పైపొర ముందే ఆరి ముడుచుకుంటుంది, లోపల పచ్చి అలాగే ఉంటుంది, కొనల నుంచి బీటలు పడతాయి. ఆ దుంగను నడిమి బొడ్డు మీదుగా నిలువునా కోయించి, కొనలకు మైనమో పాత పెయింటో దట్టంగా పూసి, నేలకు తగలకుండా నీడలో పేర్చు. నెలకోసారి తూకం వేసి రాసుకో. వరసగా మూడు నెలలు తూకం మారకపోతే అప్పుడు ముట్టుకో.

ఈ దీపానికి మాత్రం మన పాత మిద్దె విప్పినప్పుడు కొట్టంలో దాచిన దంతెలు, అంటే కప్పు మోసిన కర్రలు, తీయి. అవీ వేపే. కప్పు కింద ఏళ్లకేళ్లు ఆరిన చేవకర్ర, ఇక పెద్దగా ముడుచుకోదు, వంగదు. ముందు అయస్కాంతం తిప్పి మేకులు వెతుకు. ఒక్క మేకు మిగిలినా ఉలి మొన పోతుంది, నీకూ ప్రమాదం.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. వైరు పోయే రంధ్రం ముందు, రూపం తర్వాత. నేను మొదటి దీపం చేసినప్పుడు దాన్ని తిరగేశాను. ముచ్చటగా మెడ సన్నం చేసి, నున్నగా తీర్చి, చివర్లో రెండు వైపుల నుంచీ బరమా దించాను. బరమా కర్ర నారను పట్టుకొని పక్కకు పోయి, సరిగ్గా మెడ దగ్గర బయటికొచ్చింది. రెండు రోజుల పని పోయింది. ఆ బాధ నీకు వద్దు.

నీ మిషన్ చిన్నది, పొడవు బరమా దూర్చే బోలు సెంటర్ (కర్ర కొనను పట్టే, నడుమ బెజ్జమున్న మొన) దానికి ఉండదు. అందుకని రెండున్నర అంగుళాల మందమున్న రెండు దంతె ముక్కలు తీసుకొని, కలిసే ముఖాలు వెలుగు దూరనంత సమంగా చిత్రిక పట్టు. ఒక్కో ముఖం మధ్యలో పొడవునా 10 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల లోతుతో గాడి తీయి. రెండూ కలిపితే నడుమ చదరపు రంధ్రం వస్తుంది. అంటించేటప్పుడు గాడి అంచుల దగ్గర ఫెవికాల్ పల్చగా రాయి. క్లాంపులు బిగించాక, ముందే గాడిలో పెట్టిన గట్టి దారానికి గుడ్డపీలిక కట్టి ఒకసారి లాగేయి, లోపలికి కారిన జిగురు వచ్చేస్తుంది. ఒక రోజంతా కదిలించకు. తర్వాత రెండు కొనల్లో అంగుళం లోతు కర్ర బిరడాలు కొట్టు. లేత్ సెంటర్లు ఆ బిరడాల నడిబొడ్డున కూర్చోవాలి. అలా చేస్తే రంధ్రం ఎప్పుడూ నట్టనడుమనే ఉంటుంది. పని అయ్యాక బిరడాలు తొలిచేయి.

మిషన్ దగ్గరికి భుజం మీద తువాలుతో వెళ్లొద్దు. లుంగీ, పొడుగు చేతుల చొక్కా, ఉంగరం, చేతికి కట్టిన దారం, ఏవీ వద్దు. తిరిగే కర్రకు గుడ్డ చుట్టుకుంటే స్విచ్ అందేలోపే చేయి పోతుంది. కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు తప్పనిసరి, వేప పొడి గొంతు మండిస్తుంది. స్విచ్ వేసే ముందు కర్రను చేత్తో ఒక చుట్టు తిప్పి, ఉలి ఆనే కడ్డీకి తగలడం లేదని చూసుకో. నాలుగు మూలలు పోయేదాకా నిమిషానికి 600 చుట్లు దాటనివ్వకు. గుండ్రం అయ్యాక 1500 వరకు వెళ్లొచ్చు.

వేపకు నార అడ్డదిడ్డంగా అల్లుకొని ఉంటుంది. మొద్దు ఉలితో పోతే పీచు లేస్తుంది, ఆ గుంటలు ఏ పాలిష్‌తోనూ పూడవు. పావుగంటకోసారి సాన పట్టు, బద్ధకించకు. ముందు ఉలి వీపు, అంటే మొన వెనక ఏటవాలు భాగం, కర్రకు ఆనాలి, తర్వాత పిడి మెల్లగా లేపితే మొన తనంతట తానే కోస్తుంది. ఎప్పుడూ లావు నుంచి సన్నానికే కోయాలి. పొట్టు పొడవుగా చుట్టలు చుట్టుకొని వస్తుంటే సరిగా తెగుతున్నట్టు, పొడి రాలుతుంటే గీకుతున్నట్టు.

పీట వేరే ముక్కతో చేసి, స్తంభం కొనను సన్నం చేసి పీట రంధ్రంలో దిగేలా కుసితో కలుపు. స్తంభం 15 అంగుళాలైతే పీట అడ్డం 7 అంగుళాలన్నా ఉండాలి, అవ్వ చేయి తగిలినా పడకూడదు. దాని వేగం 1000 లోపే. అడుగు భాగం కాస్త లోపలికి తీయి, అంచు మీదే నిలుస్తుంది. ఎత్తు మాత్రం నా లెక్కతో పెట్టొద్దు. అవ్వను కుర్చీలో కూర్చోబెట్టి, బల్ల నుంచి ఆమె కంటి దాకా కొలువు. దీపం గొడుగు కింది అంచు ఆ ఎత్తుకే రావాలి, లేకపోతే బల్బు కళ్లలో కొడుతుంది.

ఉప్పుకాగితం 120, 180, 240, 320 వరసలో పోవాలి. ఉలి ఆనే కడ్డీ తీసేశాకే రుద్దు. నంబరు మార్చిన ప్రతిసారీ మిషన్ ఆపి నార వెంట చేత్తో రుద్దు, అడ్డగీతలు పోతాయి. ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలకు తిరిగే కర్ర మీదే లక్క కడ్డీ అదిమి, మొగలి ఆకుతో మెరుగు పెడతారు. అది ఏళ్ల సాధన. నువ్వు పెయింట్ షాపులో చపడా, అంటే లక్క రేకులు, అడుగు. 100 మిల్లీలీటర్ల స్పిరిట్‌లో 15 గ్రాములు వేసి రాత్రంతా నానబెట్టి వడకట్టు. మిషన్ ఆపి, మెత్తటి గుడ్డతో నాలుగైదు పల్చటి పూతలు వేయి. చివర తేనెమైనం.

గొడుగు మాత్రం బజార్లో ప్లాస్టిక్‌ది కొనొద్దు. ధర్మవరం పక్క నిమ్మలకుంట పోయి తోలుబొమ్మల పనివాళ్ల దగ్గర మేకతోలుది చేయించు. ఆ తోలులోంచి వచ్చే పసుపు వెలుగు అవ్వ కళ్లకు హాయిగా ఉంటుంది. 60 వాట్ల పాత బల్బు పెడితే వేడికి తోలు ముడుచుకుంటుంది, 7 వాట్ల ఎల్‌ఈడీ చాలు. బేకలైట్ హోల్డరే వాడు. పీట లోపల వైరుకు ఒక ముడి వేయి, ఎవరైనా లాగినా బరువు హోల్డర్ మీద పడదు.

దంతెలు అంటించగానే ఫోటో పంపు. వచ్చే నెల ఊరికొచ్చేటప్పుడు నా పాత గౌజ్ ఉలి (గాడి ఉన్న గుండ్రటి మొన ఉలి) నీకు తెస్తా. సాన నువ్వే పట్టు, పక్కన కూర్చొని చూస్తా.

మీ మామ