పక్క చేలోని అక్షింతల పురుగులు మన పత్తిలోకి రావా?

ప్రశ్న: పత్తిలో పేనుబంకకు రెండుసార్లు మందు కొట్టినా మళ్లీ కమ్మేసింది. ఏ మందూ కొట్టని పక్క అలసంద చేలో అక్షింతల పురుగులు బాగా ఉన్నాయి. అవి నా చేలోకి రావా? అలసంద మీది పేనుబంక పత్తికి పాకుతుందా?

జవాబు: ముందు రెండో సందేహం. అలసంద మీది నల్ల పేనుబంక, పత్తిలో కనిపించే పేనుబంక వేర్వేరు జాతులు. నల్లది ఎక్కువగా పప్పుజాతి పైర్లనే ఆశిస్తుంది, పత్తికి దానితో పెద్ద బెడద ఉండదు. అక్షింతల పురుగులకు మాత్రం ఆ తేడా లేదు, రెండింటినీ తింటాయి. కాబట్టి పక్క చేను మీకు మేలే చేస్తోంది.

అవి తప్పకుండా వస్తాయి. అలసంద ముదిరి అక్కడ మేత తగ్గగానే పేనుబంక గుంపులను వెతుక్కుంటూ ఎగిరి వచ్చి, వాటి దగ్గరే గుడ్లు పెడతాయి. చిక్కంతా సమయంతోనే. పేనుబంక జతకట్టకుండానే నేరుగా పిల్లలను పెడుతుంది, ఆ పిల్లలు వారం రోజుల్లో తామూ పిల్లలు పెడతాయి. అక్షింతల పురుగు గుడ్డు నుంచి పెద్దదయ్యేసరికి రెండు మూడు వారాలు పడుతుంది. మందు రెండింటినీ చంపినా, మిగిలిన నాలుగు పేనుబంకలే ముందు పుంజుకుంటాయి. ఏ మందు కొట్టారో మీరు రాయలేదు. మిత్రపురుగులనూ చంపేసే సింథటిక్ పైరిత్రాయిడ్ రకం మందు అయితే మాత్రం ఇలా జరగడంలో ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు ఆకులు తిప్పి చూడండి. నిలబెట్టినట్లున్న పసుపు గుడ్ల గుంపు, బూడిద రంగు ఒంటిమీద పసుపు మచ్చలతో బుల్లి మొసలిలా పాకే పిల్లపురుగు, రెండూ అక్షింతల పురుగువే. ఈ పిల్లపురుగును చూసి బెదిరి మందు కొట్టే వారే ఎక్కువ, పేనుబంకను ఆబగా తినేది అదే అయినా! వెంట్రుకలాంటి కాడ చివర ఒక్కో గుడ్డు కనిపిస్తే అది పేనుబంకను తినే మరో మిత్రపురుగు, అల్లిక రెక్కల పురుగుది. ఉబ్బి గోధుమ రంగుకు తిరిగి కదలని పేనుబంక ఉంటే, దాని లోపల చిన్న కందిరీగ పిల్ల పెరుగుతున్నట్లే.

ఇవి కనిపిస్తే చేనంతా మందు కొట్టకండి. పేనుబంక మరీ ముదిరిన మొక్కల మీద మాత్రం 1500 పీపీఎం (డబ్బా మీద రాసి ఉండే గాఢత) వేపనూనె లీటరు నీటికి 5 మి.లీ. చొప్పున, ఆకు అడుగు తడిసేలా పిచికారీ చేయండి. మిత్రపురుగుల జాడే లేక, చిగుళ్లు ముడుచుకుని ఆకులు జిగటగా మారితే ఫ్లోనికామిడ్ అనే పురుగుమందు లీటరుకు 0.3 గ్రాములు వాడవచ్చు. చీమల బారులనూ గమనించండి. పేనుబంక విసర్జించే తీపి జిగట కోసం చీమలు అక్షింతల పురుగులను తరిమేస్తాయి.

వచ్చే పంటకు పత్తి చుట్టూ రెండు వరుసల అలసంద మీరే వేసుకోండి.